ముష్టి పాయింట్లు కావివి

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో స్నూకర్ పార్లర్‌కి వెళ్లి ఆటగాడి స్థాయిని బట్టి గెలుపు లెక్క మార్చే హ్యాండీక్యాప్ మాటెత్తి చూడండి. "ఆట వచ్చినవాడు గెలుస్తాడు, రానివాడు నేర్చుకుని వస్తాడు. మధ్యలో ఈ ముష్టి పాయింట్లేంటండీ?" అంటారు. వినడానికి పౌరుషంగానే ఉంటుంది. విడదీసి చూస్తే పౌరుషం కన్నా సొంత లాభం పాలే ఎక్కువ.

నేర్చుకుని రమ్మంటున్నారు సరే, ఎక్కడ నేర్చుకోవాలి? పూల్ టేబుల్ ఎవరింట్లోనూ ఉండదు. పార్లర్‌లోనే నేర్చుకోవాలి. అక్కడేమో చాలాచోట్ల ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలన్నది రివాజు. అంటే ఆట రానివాడి జేబులోంచి ఆట వచ్చినవాడి సాధన సాగుతుంది. ఆకివీడు, కైకలూరు వైపు చెరువుల మీద మేత, ఏరేటర్లు చూసుకుంటూ వారానికోసారి ఊళ్లోకి వచ్చే కుర్రాడు, రోజూ సాయంత్రాలు టేబుల్ దగ్గరే గడిపేవాడితో ఎప్పటికి సమానమవుతాడు? నాలుగు వారాలు డబ్బు కట్టి, అయిదో వారం మానేస్తాడు.

ఇంతకీ హ్యాండీక్యాప్‌తో పూల్ లీగ్ నడిపింది ఆట రానివాళ్లేమీ కాదు. 1979లో అమెరికాలో టెర్రీ బెల్, లారీ హబ్బార్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు మొదలుపెట్టిన లీగే తర్వాత అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్ అయింది. తొమ్మిది బంతులతో ఆడే పూల్ ఆట నైన్‌బాల్‌కి వాళ్ల లెక్క చూడండి. ఒక్కో బంతికి ఒక పాయింటు, తొమ్మిదో బంతికి రెండు. ఒక్కో ఆటకి పేర్చే ర్యాక్ మొత్తానికి పది. ఆటగాళ్లకు 1 నుంచి 9 దాకా స్థాయిలుంటాయి. మూడో స్థాయివాడు గెలవాలంటే 25 పాయింట్లు చాలు. ఏడో స్థాయివాడికి 55 కావాలి. ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఇద్దరూ సున్నా దగ్గరే మొదలుపెట్టారు, ఎవరి గమ్యం వారిది. ఏడో స్థాయివాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడితే గెలుస్తాడు, ఏమరుపాటుగా ఆడితే ఓడతాడు. రోజూ తేలిగ్గా గెలిచే ఆటలో ఆ పరీక్ష అతనికి ఎదురు కాదు.

జట్టు నియమం ఇంకా సొగసైనది. ఒక మ్యాచ్‌లో దిగే అయిదుగురి స్థాయిల మొత్తం 23 దాటకూడదు. 7, 6, 4, 3, 3 అయితే సరిపోయింది. అయిదుగురూ ఉద్దండులే అయితే ఆ జట్టు బరిలోకే రాలేదు. కాబట్టి మూడో స్థాయి కుర్రాడి కోసం కెప్టెనే వెతుక్కుంటూ వస్తాడు, తన అవసరం కొద్దీ అతనికి నాలుగు మెళకువలు నేర్పుతాడు.

"కావాలని చెడగొట్టి ఆడి స్థాయి తగ్గించుకుంటారు కదా?" అన్నది బలమైన అభ్యంతరమే. దొంగాట ఉంటుంది. అందుకే స్కోర్ షీటులో గెలుపోటములతో పాటు ఇన్నింగ్స్‌నీ, అంటే ఆట ఎన్ని వంతుల్లో ముగిసిందో కూడా లెక్కరాస్తారు. బంతి వేసే ఉద్దేశం లేకుండా కొట్టిన షాట్‌ని డిఫెన్సివ్ షాట్‌గా గుర్తు పెట్టి, లెక్కలోంచి తీసేస్తారు. చివరి ఇరవై స్కోర్లలో మెరుగైన పదింటినే స్థాయికి ఆధారం చేసుకుంటారు. పది రోజులు నటించినా, బాగా ఆడిన పది రోజులే పట్టిస్తాయి. మరి మన పార్లర్లలో స్నూకర్‌కి ముందు "ఇరవై పాయింట్లు స్టార్ట్ ఇస్తావా, ముప్పై ఇస్తావా" అని సాగే బేరం సంగతేంటి? హ్యాండీక్యాప్ వద్దనే చోటే అది నోటిమాటగా నడుస్తోంది. పందెం కాసేవాళ్లకి ఆ బేరమే కావాలి. కాగితం మీద లెక్క వాళ్లకి గిట్టదు.

"ప్రపంచ చాంపియన్ పంకజ్ అద్వానీ ఎవరినైనా పాయింట్లడిగాడా?" అని ఇంకొకరు. చాంపియన్‌షిప్ పని దేశంలో మేటి ఎవరో తేల్చడం. అక్కడ అందరికీ ఒకే గీత ఉండాల్సిందే. ఊరి లీగ్ పని వారం వారం టేబుళ్లు నిండేలా చూడడం. రెంటికీ ఒకే కొలబద్ద పెట్టడం తెలివి కాదు.

"అయితే స్థాయిల వారీగా వేరే పోటీలు పెట్టండి, బండలాగుడులో రెండు పళ్ల గిత్తలు వేరు, ఆరు పళ్లవి వేరు కదా" అంటారు. న్యాయమైన మాటే, జతలు బోలెడుంటే. తాడేపల్లిగూడెంలాంటి ఊళ్లో లీగ్‌కి దొరికేది పాతికమంది అనుకోండి. వాళ్లని నాలుగు ముక్కలు చేస్తే పైముక్కలో నలుగురు మిగిలి, నెలకల్లా ఒకరి ఆట ఒకరికి విసుగొస్తుంది. అందరినీ ఒకే టేబుల్ చుట్టూ నిలబెట్టగలిగేది హ్యాండీక్యాపే.

పార్లర్ యజమానులు ఒక రిజిస్టరు తెరిచి, ఇన్నింగ్స్ రాయించి, టేబుల్ ఖర్చు ఇద్దరికీ సగం సగం వేసి చూడండి. అప్పుడు కూడా వద్దనేవాళ్లు ఎవరో గమనించండి. ఆట పరువు కోసమని వాళ్లు చెప్పుకోవచ్చు. పోయేది మాత్రం ఇన్నాళ్లూ కొత్తవాళ్ల డబ్బుతో ఆడుకున్న ఉచిత టేబులే.