వేడి నీళ్లు పోస్తే అద్దం గోవిందా!

డాలస్ ఎండలకు పెట్టింది పేరు. మంచు గీకే పలకతో అక్కడ పని పడేది ఏడాదిలో ఏ రెండు మూడు రోజులో. అలాంటి ఊళ్లో 2021 ఫిబ్రవరి 16న చలి సున్నాకు 19 డిగ్రీల దిగువకు పోయింది. ఇలాంటి ఉదయాల్లో ఆఫీసుకు బయల్దేరి కారు తలుపు లాగితే ఊడదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ చెప్పే మొదటి సలహా... ‘కాసిని వేడి నీళ్లు పొయ్యరాదూ!’

పొయ్యకూడదు. అది అమ్మ మాటైనా సరే!

గాజు గ్లాసులో సలసల కాగే టీ పోస్తే టప్పున పగలడం అందరికీ తెలిసిందే. వేడి తగిలిన చోట గాజు సాగబోతుంది, చల్లగా ఉన్న చోట కదలనంటుంది. ఆ గుంజులాటలో పగులుతుంది. గడ్డ కట్టిన కారు అద్దం సంగతీ ఇంతే. రాయి తగిలి చిన్న గంటు ఉందా... చీలిక అక్కణ్నుంచే మొదలై ఈ చివరికీ ఆ చివరికీ పాకుతుంది. అద్దం బతికిపోయినా మరో తంటా ఉంది. పోసిన నీళ్లు తలుపు సందుల్లోకి, తాళం రంధ్రంలోకి దిగి కాసేపటికి మళ్లీ గడ్డ కడతాయి. రేపటికి తలుపు ఇంకా గట్టిగా బిగుస్తుంది.

అసలు తలుపు బిగుసుకునేది చలి వల్ల కాదు, తడి వల్ల. మినియాపొలిస్‌లో 2019 జనవరి 30న సున్నాకు 33 డిగ్రీల దిగువ నమోదైంది. అంత చలిలో పడే మంచు పొడిపొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. పేచీ అంతా పడుతూనే గడ్డ కట్టే వానతో. ఆ నీళ్లు తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌లోకి చేరి జిగురులా పట్టేస్తాయి. చలిగాలుల ముందురోజు కారు కడిగించినా అదే గతి.

మరి తలుపు తెరిచేదెలా? లాగడం కాదు, ముందు నెట్టాలి! తలుపు అంచుల వెంబడి అరచేతులతో గట్టిగా నొక్కుతూ వస్తే లోపలి మంచు పలకలు చిట్లుతాయి. హ్యాండిల్ పట్టుకుని బలప్రదర్శన చేస్తే అదే ఊడి చేతికొస్తుంది. చలికి ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది మరి. బీడింగ్ కూడా చిరగొచ్చు. డ్రైవరు వైపు రాకపోతే మిగతా తలుపులూ, వెనక డిక్కీ ప్రయత్నించాలి. ఎండ తగిలే వైపు తలుపు ముందు లొంగుతుంది.

అప్పటికీ రాకపోతే మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి తలుపు సందుల్లో స్ప్రే చేయాలి. అది మామూలు చలికి గడ్డ కట్టదు, మంచును కరిగిస్తుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోవాలి. చాలామంది ఈ సీసాను కారులోనే పెట్టుకుంటారు. తలుపే రాకపోతే సీసా ఎలా తీస్తారో వాళ్లకే తెలియాలి! దాని చోటు ఇంట్లోనే.

తలుపు తెరుచుకున్నాక తొందరపడి ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. ముందు వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం చూడాలి. మంచు దాన్ని మూసేసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. పిల్లల్ని లోపల వెచ్చగా కూర్చోబెట్టి నాన్న బయట మంచు తవ్వుతుండగా ప్రాణాలు పోయిన సంఘటనలు అమెరికాలో ఉన్నాయి. గొట్టం చుట్టూ శుభ్రం చేశాకే ఇంజిన్, ఆ తర్వాతే పిల్లలు. తలుపు మూసిన గ్యారేజీలో అసలు స్టార్ట్ చేయకూడదు.

అద్దం మీదికి వదిలే వేడిగాలి కూడా మొదట తక్కువలో పెట్టి మెల్లగా పెంచాలి. మంచు పూర్తిగా వదలకుండా వైపర్లు వేస్తే బ్లేడు చిరుగుతుంది, మోటారు కాలుతుంది.

ముందుజాగ్రత్త ఖర్చు స్వల్పమే. బీడింగ్‌ను పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే పల్చగా పూస్తే నీరు నిలవదు. పెట్రోలియం జెల్లీ మాత్రం వద్దు, కొన్నిరకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది.

మే నెల విజయవాడలో ఇదే కథ తిరగబడుతుంది. ఎండలో కాగిన అద్దం మీద చన్నీళ్లు కుమ్మరించడం, ఎక్కగానే ఏసీ గాలి మొత్తం అద్దానికి కొట్టించడం... రెండూ ముప్పే. కిటికీలు దించి రెండు నిమిషాలు ఆగి, ఏసీ తక్కువలో మొదలుపెట్టాలి. అద్దం మీద పప్పుగింజంత గంటు కనిపిస్తే అద్దాల షాపులో రెసిన్‌తో నింపుతారు. ఇక్కడివాళ్లు ఎండలు ముదరకముందే, అక్కడివాళ్లు చలి మొదలవకముందే ఆ పని చేయించుకోవాలి.