ఉన్నచోటే ఓటు: మా ప్రణాళిక

మేం కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లలో ఉంటున్నవాళ్లం. సొంతూళ్లంటారా, గోదావరి జిల్లాల నుంచి పాలమూరు దాకా ఉన్నాయి. పార్టీలు వేరు, కులాలు వేరు. ఓటు దగ్గర మాత్రం ఒక మాట మీదికి వచ్చాం.

ఓటు వేయడం పౌరుడి బాధ్యత. చట్టం అలా అనదు, నిజమే. రాజ్యాంగం 51ఎ అధికరణం చెప్పిన 11 ప్రాథమిక విధుల్లో ఓటు లేదు. స్థానిక ఎన్నికల్లో ఓటును తప్పనిసరి చేస్తూ గుజరాత్ చట్టం తెస్తే, 2015లో అక్కడి హైకోర్టు అమలు ఆపేసింది. మంచిపనే చేసింది. రోజుకూలి పోతే పొయ్యి వెలగని మనిషిని జరిమానా పేరుతో బూత్‌కు తోలడం మాకు సమ్మతం కాదు. మా లెక్కలో ఇది సర్కారుకు పడ్డ బాకీ కాదు, ఇరుగుపొరుగుకు పడ్డ బాకీ. అభ్యర్థులెవరూ నచ్చలేదా, 2013 నుంచి నోటా ఉంది. వెళ్లి అదే నొక్కండి.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు, తెలంగాణలో లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్ జరిగింది. అంతకుముందు విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన బండ్లలో మాలో చాలామంది ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగానికీ చేరలేదు. ఊరికి వెళ్లి ఎమ్మెల్యేను గెలిపించి వచ్చాం, సరే. మా డ్రైనేజీ, మా మంజీరా నీళ్లు, మా పిల్లలు నడిచే ఫుట్‌పాత్ ఇక్కడున్నాయి. ఓట్లు లేని వీధికి కార్పొరేటర్ ఎందుకొస్తాడు?

అందుకే ఏడాది పొడుగునా ఎక్కడ కాపురముంటున్నామో అక్కడే ఓటు ఉంచుకుంటాం. నాలుగు నెలలు పనికొచ్చి తిరిగి వెళ్లిపోయేవాళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్ల ఓటు ఊళ్లోనే ఉండాలి. ఊరి మీద మమకారం ఎక్కడికీ పోదు, సంక్రాంతికి వెళ్దాం. రెండుచోట్లా పేరు మాత్రం ఉంచుకోం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం అందుకు ఒప్పుకోదు; తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు. అభ్యర్థి పెట్టిన బస్సు ఎక్కం. ఓటర్లను ఉచితంగా బూత్‌కు చేరవేయడానికి బండి మాట్లాడటం 1951 చట్టం ప్రకారం అవినీతి చర్యే. డబ్బు కవరు సంగతి వేరే చెప్పాలా?

ఇంకొకటి, మేం సిగ్గుపడాల్సిందే. సెల్లార్‌లో మోటారు పక్క గదిలో వాచ్‌మన్ కుటుంబం ఏళ్ల తరబడి ఉంటుంది. కరెంటు బిల్లు అసోసియేషన్ పేరుమీద, గ్యాస్ ఇంకెవరి పేరుమీదో. ఓటు కోసం చిరునామా రుజువు అడిగితే "రేపు గది ఖాళీ చేయరేమో" అని ఓనర్లకు భయం. ఓటరు కార్డుతో గది సొంతమైపోదు. ఇకపై ఆ కుటుంబం ఇక్కడే ఉంటోందని లెటర్‌హెడ్ మీద రాసిస్తాం, బూత్ స్థాయి అధికారి వచ్చినప్పుడు పక్కన నిలబడి చెప్తాం. పనమ్మాయిలకు, డ్రైవర్లకు పోలింగ్ రోజు జీతం కోయకుండా సెలవిస్తాం.

పిల్లలకు 18 నిండాయా చూసుకోండి. ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా లెక్కే. కొత్తవాళ్లకు ఫారం 6, ఇల్లు మారినవాళ్లకు ఫారం 8.

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి సెల్లార్‌లో బల్ల వేసుకుని కూర్చుంటాం. ఆధార్, ఒక ఫొటో, పాత ఓటరు కార్డు ఉంటే అదీ పట్టుకుని రండి. వచ్చేటప్పుడు మీ వాచ్‌మన్‌నూ తీసుకురండి.