టోపీ చెప్పిన జాతకము

పదిమంది కలిసి ఒక పని చేయవలసి వచ్చినప్పుడు వారు ముందుగా ఒకరినొకరు ఎరిగియుండుట మేలు. మన పల్లెలలో నాట్లకో, కోతలకో వచ్చిన కొత్తవానిని "ఏ ఊరు నాయనా? ఎవరి అబ్బాయివి?" అని అడుగుట వాడుక. రెండు మాటలలో ఏదో ఒక చుట్టరికమో, తెలిసినవారి పేరో బయటపడును. సాయంకాలమునకు వాడు కొత్తవాడు కాడు. ఆ పలకరింపులో ఆప్యాయత కలదు. అయితే అందులో ఒక ముల్లు కూడ కలదు. ఊరును, ఇంటిపేరును అడుగుటలో కులము తెలిసికొనవలెనను కోరిక పలుమారులు దాగియుండును. అది తెలిసిన పిదప ఆ మనిషిని మనము చూచు చూపే మారిపోవును.

నేటి పట్టణములందలి కార్యాలయములలో ఈ పాత ప్రశ్నకు మారుగా కొత్త ప్రశ్నలు వచ్చినవి. పలు రాష్ట్రములనుండి, పలు భాషలనుండి వచ్చిన ఉద్యోగులను ఒక జట్టుగా కుదుర్చుటకై మొదటి దినములలో వారిచేత కొన్ని ఆటలు ఆడించుచున్నారు. ఇంగ్లీషున వీనికి ‘ఐస్ బ్రేకర్’ అని పేరు. మంచుగడ్డను పగులగొట్టునది అని ఆ మాటకు అర్థము. మంచు ఎరుగని మనము దీనిని పరిచయపు ఆట అనుకొందము. మన హోసూరునుండి బెంగుళూరు సుమారు 40 కిలోమీటర్లే. నేడు తెలుగున పాఠములు చదువుచున్న మన పిల్లలలో పలువురు రేపు అక్కడి కార్యాలయముల మెట్లు ఎక్కవలసినవారే. కనుక అట్టి ఆటలలో ఒకదానిని గూర్చి విద్యార్థులును, తల్లిదండ్రులును కొంత ఆలోచించుట అవసరము.

ఇంగ్లండు దేశపు రచయిత్రి జె. కె. రౌలింగ్ 1997 మొదలు 2007 వరకు ఏడు సంపుటములుగా హ్యారీ పాటర్ కథలను ప్రకటించినది. మంత్రవిద్య నేర్పు హాగ్వర్ట్స్ అను పాఠశాల ఆ కథలకు రంగస్థలము. పదకొండేండ్ల బాలబాలికలు అచ్చట చేరిన దినముననే వారి తలపై ఒక పాత టోపీ పెట్టుదురు. ఆ టోపీ వారి మనస్సును చదివి, నాలుగు వసతిగృహములలో ఒకదానికి వారిని కేటాయించును. ధైర్యవంతులు గ్రిఫిండర్‌కు, ఓర్పును పనియందు శ్రద్ధయు గలవారు హఫుల్‌పఫ్‌కు, తెలివియందు మక్కువ గలవారు రావెన్‌క్లాకు, ఎట్లయినను పైకి రావలెనను పట్టుదలయు జిత్తులును గలవారు స్లిదరిన్‌కు పోవుదురు. ఈ కథ నాధారముగా చేసికొని కూర్చిన ఒక ప్రశ్నావళి 2012లో పాటర్‌మోర్ అను పేర అంతర్జాలమున అందరికిని అందుబాటులోనికి వచ్చినది. నీకు ఏ వస్తువు ఇష్టము, ఏ దారిన నడచెదవు అను వరుసలో ప్రశ్నలుండును. జవాబులనుబట్టి "నీవు ఈ గృహమునకు చెందినవాడవు" అని తేలును. ఇట్టి ప్రశ్నావళులను కార్యాలయములవారు పరిచయపు ఆటగా వాడుకొనుచున్నారు. అందరును చేతిలోని ఫోనులో జవాబులు గుర్తించెదరు. ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగుల క్రింద నాలుగు గుంపులు కట్టెదరు. నవ్వులతో ఒక గంట గడచును.

ఈ ఆటలో మంచి లేదనుట న్యాయము కాదు. పై అధికారియు నిన్న చేరిన గుమాస్తాయు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పుదురు. ఎవరి కులము, ఎవరి జీతము, ఎవరి పెండ్లి అను మాట రాదు. కట్టుకథ చాటున నిలిచి మాటలాడుటవలన, సిగ్గరియైనవాడు సైతము తన ఇంటి గుట్టు విప్పకుండ నాలుగు మాటలు పలుకగలడు. ఊరు, ఇంటిపేరు అడిగిన పాత పలకరింపుకంటె ఈ విషయమున ఇది నిశ్చయముగా మెరుగు. ఆటగా ఉన్నంతవరకు దీనిని తప్పుపట్ట నవసరము లేదు. ఆట ముగిసిన తరువాత కూడ టోపీ చెప్పినమాట మిగిలిపోవుటయే మనము జాగ్రత్తపడవలసిన విషయము.

ఆ మాట మిగులుటకు కారణము కలదు. మనలను గూర్చి ఎవరైన ఏదైన చెప్పినచో అది నిజమని నమ్ముటకు మన మనస్సు సిద్ధముగా ఉండును. అమెరికాలో 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక స్వభావ పరీక్ష పెట్టెను. తరువాత ఒక్కొక్కరికి ఒక కాగితమిచ్చి, "ఇది నీ స్వభావ వర్ణన. ఎంతవరకు సరిపోయినదో 5 మార్కులకు లెక్కవేయుము" అని కోరెను. సగటున 4.26 మార్కులు పడినవి. తీరా చూడగా అందరికిని ఇచ్చినది ఒకే వర్ణన! దానిని ఆయన అంగడిలో అమ్ము ఒక జ్యోతిషపు పుస్తకమునుండి ఏరి కూర్చెను. పైకి నిబ్బరముగా కనబడినను లోలోన కొంత సంశయము కలదనిన, కాదనువాడెవ్వడు? వారపత్రికలో రాశిఫలములు చదివి "అచ్చముగా నా సంగతియే" అని మనము ఆశ్చర్యపడుటలోని కిటుకు ఇదియే. టోపీ చెప్పు జాతకమునకును ఇది వర్తించును. ధైర్యవంతుడవని వచ్చినచో సంతోషింతుము. జిత్తులమారివని వచ్చినచో నవ్వుచునే కొంత నొచ్చుకొందుము. రెంటికిని ఆధారము మాత్రము నాలుగైదు నిమిషముల ప్రశ్నలే.

కట్టుకథలతో పనిలేక, గంభీరముగా కనబడు స్వభావ పరీక్షలును కలవు. వానిలో మిక్కిలి ప్రచారము పొందినది మైయర్స్–బ్రిగ్స్ పరీక్ష. కార్ల్ యుంగ్ అను స్విట్జర్లండు వైద్యుడు 1921లో ప్రకటించిన భావముల నాధారము చేసికొని, కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ దీనిని రూపొందించిరి. అది మనుష్యులను 16 రకములుగా విభజించును. కొన్ని వారములు గడచిన పిదప అదే మనిషి మరల జవాబు వ్రాసినచో వేరొక రకము వచ్చుట అరుదు కాదని పరిశోధకులు చూపినారు. ఉద్యోగమునకు మనుష్యులను ఎంచుటకు దీనిని వాడరాదని దానిని నడపు సంస్థవారే చెప్పుచున్నారు. గంభీరమైన పరీక్షకే ఈ హద్దు ఉండగా, వినోదముకొరకు పుట్టిన టోపీ మాటనుబట్టి "ఈమెకు లెక్కల పని ఇత్తము, అతడు నమ్మదగినవాడు కాడు" అని పై అధికారి మనస్సులో గుర్తుంచుకొనుట ఎంత పొరపాటో చెప్పనక్కరలేదు.

గుంపులు కట్టుటలో ఇంకొక చిక్కు కలదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున హెన్రీ టాజ్‌ఫెల్ అను ఆచార్యుడు 14, 15 ఏండ్ల బడిపిల్లలతో చేసిన ప్రయోగములను 1970లో ప్రకటించెను. తెరపై కనబడిన చుక్కలు ఎన్నియో ఊహించుమని పిల్లలను అడిగి, ఎక్కువగా ఊహించినవారు ఒక గుంపు, తక్కువగా ఊహించినవారు ఒక గుంపు అని వారికి చెప్పిరి. వాస్తవమునకు ఆ విభజన చీట్లు తీసినట్లు చేసినదే. పిమ్మట తక్కిన పిల్లలకు కొంత సొమ్ము పంచుమనిరి. ఎవరికిచ్చుచున్నదియు తెలియదు, ఏ గుంపువాడో మాత్రము తెలియును. తమకు ఒక కాసు లాభము లేకున్నను పిల్లలు తమ గుంపువారికే ఎక్కువ ఇచ్చిరి. చుక్కల లెక్కయే మనుష్యులను "మనవారు, పెరవారు" అని చీల్చగలిగినప్పుడు, రంగును జెండాను గుణగణములును తగిలించిన గృహములు ఏమి చేయగలవో ఊహింపవచ్చును.

1954లో అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రమున ముజఫర్ షెరీఫ్ అను శాస్త్రజ్ఞుడు జరిపిన ప్రయోగము ఇంకను తేటయైనది. పదకొండేండ్ల వయస్సుగల 22 మంది బాలురను ఒక వేసవి శిబిరమునకు తీసికొనిపోయి రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టు తమకు పాము పేరు పెట్టుకొనెను, రెండవది గరుడపక్షి పేరు పెట్టుకొనెను. పందెములు మొదలైన కొలది దినములకే తిట్లు, జెండాలు తగులబెట్టుట, ఒకరి బసపై మరొకరు పడుట వరకు వచ్చినది. రెండు జట్లను ఒకచోట కూర్చుండబెట్టి భోజనము పెట్టినను కలహము తగ్గలేదు. శిబిరమునకు నీరు రాకపోయినప్పుడు, ఆహారము తేవలసిన లారీ కదలనప్పుడు మార్పు వచ్చినది. ముందు పోటీకి వాడిన త్రాటినే లారీకి కట్టి రెండు జట్లవారును కలిసి లాగిరి. అటుపిమ్మట క్రమముగా స్నేహము కుదిరినది. జట్టు కుదురుటకు కలిసి చేసిన పని ముఖ్యముగాని, తగిలించుకొన్న పేరు కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మనకు సంబంధించిన సంగతి. ఆ కథలు చదివినవారికి, చలనచిత్రములు చూచినవారికి ఈ ఆట సులభము. తెలుగు మాధ్యమమున చదివి, బేతాళ కథలతోను చందమామతోను పెరిగిన పెద్దల చేతులలో పెరిగి, ఆ ఇంగ్లీషు పుస్తకమును కంటచూడని ఒక అమ్మాయి మొదటి దినమున ఆ గదిలో కూర్చుండినదనుకొనుడు. నలుగురును "నీవు హఫుల్‌పఫ్‌వే!" అని నవ్వుచుండగా ఆమెకు నవ్వవలెనో, చిన్నబుచ్చుకొనవలెనో తెలియదు. అందరి నడుమనున్న మంచును కరిగించుటకు పుట్టిన ఆట ఆమె చుట్టు మాత్రము గోడ కట్టును. ఆమెకు తెలివి తక్కువై కాదు. ఆట నడపినవారు తమకు తెలిసినదే అందరికిని తెలియుననుకొనిరి, అంతే. బంతికి పిలిచి ఒకరికి విస్తరి వేయుట మరచినట్టిది ఈ పొరపాటు. మనవంటి అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ఈ అనుభవము బడిలోనే మొదలగును గనుక, దాని నొప్పి తల్లిదండ్రులు ఎరుగనిది కాదు.

దీనికి మందు ఆటలు మానుట కాదు, అందరికిని చోటున్న ఆటను ఎంచుకొనుట. పొడుపుకథ లేని భాష మన ఇరుగుపొరుగున లేదు. తమిళులకు విడుకథై కలదు, కన్నడిగులకు ఒగటు కలదు. ఒక్కొక్కరిని తమ ఇంట అవ్వ చెప్పిన పొడుపుకథ ఒకటి పొడువుమనిన, విప్పుటకు పదిమందియు కలిసి తల గోకికొందురు. అక్కడ ముందుగా ఏ పుస్తకమును చదివియుండ నక్కరలేదు. చెప్పినవారి ఊరు, భాష, వంటిల్లు సైతము గౌరవముతో గదిలోనికి వచ్చును. హ్యారీ పాటర్ ఆటయే ఆడదలచినచో కథను రెండు నిమిషములలో అందరికిని వినిపించి, ఇష్టములేనివారిని బలవంతపెట్టక, వచ్చిన ఫలితమును ఎచ్చటను వ్రాసియుంచక ఆడవలెను.

పరీక్షలను మన పెద్దలు ఎరుగకపోలేదు. ద్రోణాచార్యుడు చెట్టుపైనున్న పక్షిని చూపి, ఏమి కనబడుచున్నదని శిష్యులను ఒక్కొక్కరిని అడిగిన కథ మీరు చదివినదే. పక్షి తల మాత్రమే కనబడుచున్నదని అర్జునుడు చెప్పెను. ఆ పరీక్ష విలువిద్యకు కావలసిన ఏకాగ్రతను మాత్రము కొలిచినది. తక్కినవారు మనుష్యులుగా పనికిరారని అది తేల్చలేదు. ధర్మరాజు ఆ పరీక్షలో నిలువకపోయినను యక్షుని ప్రశ్నలకు జవాబు చెప్పి తమ్ములను బ్రదికించుకొన్నవాడు ఆయనయే. పరీక్ష ఒక పనిని కొలువవచ్చును. మనిషిని మొత్తముగా కొలుచునని నమ్మరాదు.

విద్యార్థులారా, రేపు మీరు అట్టి గదిలో కూర్చుండినప్పుడు "ఆ కథ నాకు తెలియదు, చెప్పుడు" అని అడుగుటకు సిగ్గుపడవలదు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, ఎల్ల దాటిన కన్నడము, పుస్తకమున ఇంగ్లీషు నేర్చిన మీకు కొత్తవారితో కలియుట కొత్త విద్య కాదు. మీకు వచ్చిన రంగును చూచి నవ్వుకొనుడు, నమ్ముకొనవలదు. ఆ కథలో సైతము హ్యారీ తనకు స్లిదరిన్ వలదని కోరగా టోపీ ఆతని కోరికను మన్నించినది. తాను ఎట్టివాడు కావలెనో ఎంచుకొను హక్కు బాలునిదేనని కథ చెప్పుచున్నది.

తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఒక విన్నపము. మన ఇండ్లలోను బళ్లలోను ఇట్టి టోపీలు లేకపోలేదు. "వీడు మొద్దు, వాడు చురుకు, దీనికి లెక్కలు రావు" అని పదేండ్లు నిండకమునుపే పిల్లల తలపై పెట్టుచున్న మాటలు అట్టివే. కార్యాలయపు టోపీని ఒక గంటలో తీసివేయవచ్చును. చిన్ననాట మనము పెట్టినదానిని తీయుటకు బిడ్డకు ఒక్కొక్కప్పుడు జీవితమంతయు పట్టును. ఊరి పేరడిగి, కులమెంచి మనుష్యులను గీతలలో నిలిపిన అలవాటును వదలించుకొనుటకు మనము నేటికిని పాటుపడుచున్నాము. ఆ గీతలకు కొత్త రంగులు పూసి పిల్లలకు అప్పగింపకుందము.