ఖర్చు ముందే చెప్పడమూ వైద్యంలో భాగమే

"డాక్టరుగారూ, మొత్తం ఎంతవుతుందండీ?" ఆపరేషన్ అనగానే పేషెంటు తరపువారు అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ముందు అడ్మిట్ చేయండి, తరువాత చూద్దాం" అనే జవాబే చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ మాట మా నోటి నుండి కూడా వచ్చిన రోజులున్నాయి. అది సరికాదని మేము ఒప్పుకుంటున్నాము.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత ఎన్నో పేద కుటుంబాలకు పెద్ద ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి. అయితే కార్డు లేనివారు, కార్డు ఉన్నా తమ జబ్బు జాబితాలో లేనివారు, ఏ బీమా లేని చిరు వ్యాపారులు సొంత డబ్బే పెట్టుకోవాలి. ఖర్చెంతో తెలియక కొందరు అసలు ఆసుపత్రికే రారు. కొందరు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారు, అది చాలక పుస్తెలతాడు తాకట్టు పెడతారు. ఇంకొందరు కుట్లు తీయకముందే ఇంటికి వెళ్ళిపోతారు.

కచ్చితమైన అంకె చెప్పడం కష్టమే. గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చిన తల్లికి రక్తం తక్కువ ఉండవచ్చు, షుగరు ఎక్కువ ఉండవచ్చు. అయినా అన్నీ సవ్యంగా జరిగితే ఇంత, రక్తం ఎక్కిస్తే ఇంత, ఐ.సి.యు.లో ఉంచితే రోజుకు ఇంత అని కాగితం మీద వ్రాసి ఇవ్వవచ్చు. ఖర్చు పెరిగేలా ఉంటే బిల్లు వేసే రోజున కాక, ముందే పిలిచి చెప్పవచ్చు.

ఇది ఆసుపత్రి చేసే ధర్మం కాదు, మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2018లో ప్రజల ముందుంచింది. రేట్లు తెలుసుకోవడం, వివరమైన బిల్లు పొందడం రోగి హక్కులని అందులో ఉంది. అమెరికాలోనైతే బీమా లేనివారికి ముందుగానే వ్రాతపూర్వక అంచనా ఇవ్వాలనే చట్టం 2022 జనవరి 1 నుండి అమలులో ఉంది. బిల్లు ఆ అంచనాను 400 డాలర్లు, అంతకు పైగా దాటితే రోగి అభ్యంతరం చెప్పవచ్చు. పిల్లల దగ్గరకు అక్కడికి వెళ్ళే మన పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

అత్యవసరంలో మాత్రం ముందు ప్రాణం, తరువాతే లెక్క. 1989లో సుప్రీంకోర్టు చెప్పినదీ అదే.

మిగతా సమయాల్లో అంచనా అడిగి తీసుకోండి. పడక అద్దె, థియేటరు, మత్తు డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, తరువాత చూపించుకోవడానికయ్యే ఖర్చు అందులో కలిశాయా లేదా అని విడివిడిగా అడగండి. మీ దగ్గర ఎంత ఉందో చెప్పడానికి నామోషీ పడకండి. అది తెలిస్తేనే ఆపరేషన్ కొన్నాళ్ళు ఆగవచ్చా, తక్కువ ధర మందు సరిపోతుందా, ప్రభుత్వాసుపత్రికి పంపడం మేలా అని మేము మీతో కలిసి ఆలోచించగలము.

మీరు అడగండి. వ్రాసి ఇవ్వడం మా బాధ్యత.