వెనుక వ్రేలాడు చిన్న పడవ

ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు అని మన సామెత. కృతఘ్నునిగూర్చి దానిని వాడుచున్నాము. కాని తెప్ప లేకుండగనే ఏటిలోనికి పోవువానినిగూర్చి మనకు సామెత లేదు. మన నదులపై విహారమునకు పోవు లాంచీలను చూచినపుడు అట్టి సామెత యొకటి కావలసియున్నదని తోచును.

సముద్రయాత్ర చేయు విహారనౌకలలో అనేకము వెనుక కొసను రెండు ఇనుప చేతులు అమర్చుకొని, వానికి చిన్న రబ్బరు పడవను వ్రేలాడదీసికొని పోవును. గాలి నింపిన పడవ, గాలి తీసిన మూట. ఆంగ్లేయులు దానిని డింగీ అందురు. ఆ మాట వారిది కాదు. హిందీ, వంగభాషలనుండి వారు గ్రహించినది. మన దోనెకు అది చెల్లెలు. పేరు మన దేశమునుండియే పోయినది. అలవాటు మాత్రము మన రేవులలో ఇంకను స్థిరపడలేదు.

ఈ అలవాటు విలాసము కాదు. 1912లో టైటానిక్ ఓడపై 2200 మందికి పైగా ఉండగా, ప్రాణరక్షక పడవలలో చోటు 1178 మందికే కలదు. ఆ దుఃఖమునుండియే 1914లో సముద్రమున ప్రాణరక్షణకై అంతర్జాతీయమైన ఒడంబడిక పుట్టినది.

మన దుఃఖములు మనకును కలవు. 2017 నవంబరు 12, కార్తికమాసపు ఆదివారము. ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణలో పడవ బోల్తాపడినది. మృతులలో ఒంగోలువారు పెక్కుమంది. 2019 సెప్టెంబరు 15, అదియు ఆదివారమే. గోదావరిలో కచ్చులూరువద్ద 70 మందికి పైగా ఎక్కిన పడవ మునిగి, 40 మందికి పైగా ప్రాణములు పోయినవి. ఈ రెండు చోట్లను బ్రతికినవారిలో పలువురిని ఒడ్డునకు చేర్చినవి సమీపమందలి జాలరుల, గ్రామస్థుల చిన్న పడవలే. అవి దైవికముగా అచ్చట నున్నవి. దైవికమును ఏర్పాటుగా మార్చుటయే వివేకము.

లైఫ్ జాకెట్టు చాలదా యని కొందరందురు. జాకెట్టు మనిషిని తేల్చును, ఒడ్డునకు చేర్చదు. ప్రవాహమున కొట్టుకొనిపోవువానిని వెదకి అందుకొనుటకు పడవయే కావలెను. చిన్న పడవ కలదని జాకెట్టు విడువరాదు. లెక్కకు మించి జనమును ఎక్కింపనురాదు.

వెనుక కట్టిన పడవవలన చిక్కులు లేకపోలేదు. కెరటము కొట్టినచో అందు నీరు నిండి బరువెక్కును. సరంగునకు వెనుకచూపు మరుగుపడును. అందుచే కడలిపై గాలివాన తోచినపుడు దానిని గాలి తీసి లోపల భద్రపరచువారును కలరు. అచ్చట అది యుక్తమే. నది మాట వేరు. ఇచ్చట ఆపద క్షణములలో వచ్చును. గాలి నింపుటకు వ్యవధి చిక్కదు. కావున నదిలో చిన్న పడవ గాలితో నిండి, బయటనే, ఒక్క త్రాటిని లాగినంతనే విడిపోవునట్లు ఉండవలెను. పది ముడులతో బిగించినచో పెద్దదానితోపాటు అదియు మునుగును. మంచి రబ్బరు పడవలో గాలిగదులు వేర్వేరుగా నుండును; ఒకటి చినిగినను తక్కినవి తేల్చును.

మా దాచేపల్లి నాగులేటి ఒడ్డు ఊరు. కృష్ణ ఎంతో దూరము లేదు. ఏటేట ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని నాగార్జునకొండకు లాంచీలలో పోవుచుందురు. శిల్పములు చూపి బౌద్ధమును బోధింతురు. మంచిదే. కాని లాంచీ ఎక్కకముందు సరంగును మూడు ప్రశ్నలడుగుడు: ఎందరికి అనుమతి కలదు? ప్రతివానికి జాకెట్టు కలదా? చిన్న పడవ ఏది, దానిని విడుచుట ఎవరికి తెలియును? 1917 నాటి చట్టమునకు బదులుగా 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టము ప్రాణరక్షణ సాధనములను గూర్చి చెప్పుచునే యున్నది. అడుగువారు లేనిచోట చట్టము కాగితముననే నిలుచును.

సమాధానము తృప్తికరము కాదా, ఒడ్డుననే నిలిచి నదిని చూపుడు. పిల్లలు నొచ్చుకొందురు. సాయంకాలమునకు మాత్రము అందరును ఇల్లు చేరుదురు. ఆ ప్రశ్నలు అడుగుట వారును నేర్చుకొందురు. ఆనాటి పాఠములలో అదియే పెద్ద పాఠము.