దొర రాత, డోలీ పాట

భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం. 19వ శతాబ్దంలో అక్కడ మతప్రచారం చేసిన జాన్ కెయిన్ దొర కోయల పెళ్ళిళ్ళు, కర్మలు, భాష గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో వ్యాసాలు రాశాడు. 1909లో థర్‌స్టన్ తన ఏడు సంపుటాల్లో వాటిని వాడుకున్నాడు. నేటికీ పరిశోధకులు ఆ పేజీలే తిరగేస్తారు.

మంచిదే. కాని మతం మార్చవచ్చిన మనిషి చూపుకు అందిందెంత, అందనిదెంత? 16వ శతాబ్దంలో మెక్సికోలో స్పెయిన్ పాదిరీ సహగూన్ అక్కడి నహువా పెద్దలనడిగి, వాళ్ళ భాషలోనే పన్నెండు పుస్తకాలు రాయించాడు. వాటిలో పాదిరీ మాటేదో, నహువాల మాటేదో పండితులు ఇంకా వేరుచేస్తూనే ఉన్నారు. కెయిన్‌ను కూడా అలాగే చదవాలి.

పైగా మనకొక అదృష్టం: కోయల మాట కోయలవద్దే ఉంది. పడిగె గుడ్డమీది బొమ్మలు చూపుతూ డోలీలు వంశకథలు పాడతారు. మణుగూరు దగ్గర కూనవరం వాసి సకిని రామచంద్రయ్యగారు అలాంటి గాయకుడే. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు.

దొర రాత బీరువాలో భద్రం. పాట మనిషితోపాటే పోతుంది. పరిశోధకులారా, ముందు గూడేనికి పదండి!