విద్యుత్ ప్రవాహ నియంత్రణ పరికరాల స్థాన నిర్ణయం

విద్యుత్ గ్రిడ్‌లో ఏదైనా లైను గానీ, ట్రాన్స్‌ఫార్మరు గానీ హఠాత్తుగా ఆగిపోయినపుడు మిగిలిన లైన్లపై భారం మితిమీరకుండా ప్రవాహాన్ని మళ్ళించే పరికరాలను ఎక్కడ అమర్చాలో తేల్చడాన్ని విద్యుత్ ప్రవాహ నియంత్రణ పరికరాల స్థాన నిర్ణయం అంటారు. భారతదేశంలో ఈ సమస్య ఎంత తీవ్రమైనదో 2012 జూలై నాటి గ్రిడ్ వైఫల్యాలు తెలియజేసాయి.

నేపథ్యం

ఏకాంతర విద్యుత్తు మనం కోరిన లైనులోనే ప్రవహించదు. రెండు కేంద్రాల మధ్య ఉన్న సమాంతర మార్గాలన్నిటిలోనూ వాటి రియాక్టెన్స్‌కు విలోమంగా పంచుకుపోతుంది. అందువలన ఒక లైను నిండిపోతుండగా పక్క లైను సగం ఖాళీగా ఉండవచ్చు. ఏ ఒక్క భాగం ఆగినా మిగిలిన వ్యవస్థ నిలవాలన్నది ఎన్-1 నియమం.

పరికరాలు

థైరిస్టర్ నియంత్రిత శ్రేణి కెపాసిటరు లైను రియాక్టెన్స్‌ను మారుస్తుంది. రాయపూర్-రవుర్కెలా 400 కిలోవోల్టుల లైన్లలో ఇది ఉంది. ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి కోణాన్ని మారుస్తుంది. భెల్ తయారుచేసిన 315 ఎంవీఏ ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మరును కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో నెలకొల్పారు.

స్థాన నిర్ణయం

అత్యధిక భారమున్న లైనులోనే పరికరం పెట్టాలనుకోవడం సహజం, కానీ అది తరచు పొరపాటు. ఆ లైను నుండి తప్పించిన విద్యుత్తు మరో లైను మీద పడుతుంది. ఆ లైను అప్పటికే బలహీనమైతే ప్రమాదం చోటు మారిందే గానీ తగ్గలేదు. కనుక ఒక్కొక్క లైను ఆగినట్లు భావించి, దాని ప్రవాహంలో ఎంత భాగం ఏ లైనుకు చేరుతుందో లెక్కిస్తారు. ఎక్కువ సందర్భాలలో ఉపయోగపడే చోట్లను ఎంచుకుంటారు. చోట్లు పెరిగేకొద్దీ కలయికల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది.

2012 వైఫల్యాలు

జూలై 30 తెల్లవారుజామున 2:33కు బినా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ఆగిపోయింది. దాని జోడు సర్క్యూటును అప్పటికే ఉన్నతీకరణ కోసం ఆపి ఉంచారు. నిజానికి లైనులో లోపమేమీ లేదు. అధిక ప్రవాహం, తక్కువ వోల్టేజిలను రక్షణ రిలే లోపంగా గ్రహించింది. పశ్చిమం నుండి రావలసిన విద్యుత్తు తూర్పు మీదుగా చుట్టుదారి పట్టగా ఉత్తర గ్రిడ్ విడిపోయి కుప్పకూలింది. మరునాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలి, దాదాపు 48,000 మెగావాట్ల సరఫరా నిలిచిపోయింది. పశ్చిమ, ఉత్తర ప్రాంతాలను కలిపే లైన్లు మరికొన్ని కూడా అప్పుడు సేవలో లేవు. మళ్ళించడానికి దారే లేనపుడు నియంత్రణ పరికరం చేయగలిగేది స్వల్పం. కేటాయింపుకు మించి విద్యుత్తు తోడుకున్న రాష్ట్రాల వైఖరిని ఏ పరికరమూ సరిచేయలేదు.

దక్షిణ గ్రిడ్

దక్షిణ గ్రిడ్ అప్పట్లో గాజువాక, భద్రావతి, తాల్చేరు-కోలారు వంటి హెచ్‌వీడీసీ అనుసంధానాల ద్వారానే మిగిలిన దేశంతో కలిసి ఉండడం వలన కూలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో ఆ ఏకాంతం ముగిసింది. ఉత్తరాన కలిగే అవాంతరం ఇప్పుడు తెలుగు రాష్ట్రాలకూ చేరగలదు. తరువాత వచ్చిన రాయగఢ్-పుగలూరు హెచ్‌వీడీసీ 6,000 మెగావాట్లను నియంత్రిత రీతిలో దక్షిణాదికి పంపగలదు. అయితే అదే ఆగిపోతే ఆ భారాన్ని సమాంతర ఏకాంతర లైన్లు మోయవలసి ఉంటుంది.